అవగాహన: నీళ్లలోకి దిగిన మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు తెలుగు పాఠం చెప్పి, సాయంత్రానికి మలక్‌పేటలో ఇల్లు చేరుకుంటాను. కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా తొలి రోజు ఒకే ప్రశ్న అడుగుతాను. పదో తరగతి తెలుగు పేపరులో 'అవగాహన – ప్రతిస్పందన' అని శీర్షిక ఉంటుంది. టెట్‌లో 'పఠనావగాహన' ఉంది. కలెక్టరేటులో 'అవగాహన సదస్సు' పెడతారు, కంపెనీలతో ప్రభుత్వం 'అవగాహన ఒప్పందం' చేసుకుంటుంది. ఇన్నిచోట్ల కనబడే ఆ మాటకు మూలార్థం ఏమిటి?

"అర్థం చేసుకోవడం సార్" అంటారు అందరూ. తప్పు కాదు. "ఆ మాటలో నీళ్లున్నాయి, ఎక్కడున్నాయో చెప్పండి" అంటే మాత్రం గదిలో ఫ్యాను చప్పుడే వినబడుతుంది.

ఒక ఏడాది దేవరకొండ వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు ఉండేవాడు. వ్యుత్పత్తి మొత్తం బోర్డు మీద రాసి, ఇక తుడవబోతుంటే లేచి నిలబడ్డాడు. "సార్, మా ఊరి బాయిల ఈత నేర్చేటప్పుడు ముందుగాల బెండ్లు కట్టుకొని పైపైన ఈదుతం. ఈత వచ్చినంక బెండ్లు ఇప్పి, మునిగి, అడుగున మన్ను పిడికిట్ల పట్టుకొని పైకొస్తం. మన్ను చూపెడితేనే అడుగు ముట్టినట్టు లెక్క. అవగాహన అంటే గదేనా?" అన్నాడు. అదే. అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కూ ఆ పిడికెడు మన్ను గురించే చెబుతున్నాను.

వ్యుత్పత్తి

అవ + గాహ్ + అన = అవగాహన.

'అవ' 22 ఉపసర్గల్లో ఒకటి. కిందికి అనేది దాని ముఖ్యార్థాల్లో ఒకటి. అవరోహణ అంటే దిగడం, అవతరణ అంటే పైనుంచి దిగి రావడం, అవనతం అంటే కిందికి వంగినది. 'గాహ్' ధాతువు. పాణినీయ ధాతుపాఠం దీనికి 'విలోడనం' అని అర్థం చెప్పింది. విలోడనమంటే కలచడం, చిలకడం. దూకినవాడి ఒంటితో బావి నీళ్లు అడుగు నుంచి పై దాకా కలకబారడం చూసినవాళ్లకు ఈ అర్థాన్ని వివరించనక్కర్లేదు. చివరి 'అన' క్రియను నామవాచకంగా మార్చే ప్రత్యయం: గమనం, పఠనం, మననం అన్నీ ఇలాంటివే. సంస్కృతంలో 'అవగాహనం' నపుంసకలింగం. తెలుగులో అది 'అవగాహనము' అయింది, వాడుకలో 'ము' రాలిపోయింది.

సంస్కృతంలో ఈ మాటకు మొదటి అర్థం స్నానమే, అదీ మునిగి చేసే స్నానం. ఆయుర్వేదంలో 'అవగాహ స్వేదం' అనే చికిత్స ఉంది. వెచ్చని కషాయమో నూనెయో నింపిన తొట్టిలో రోగిని కూర్చోబెట్టి చెమట పట్టిస్తారు. ఇంకో విశేషం. భాగురి అనే ప్రాచీన వైయాకరణుడి మతం ప్రకారం 'అవ', 'అపి' అనే ఉపసర్గల్లో మొదటి 'అ' లోపించవచ్చు. వ్యాకరణ గ్రంథాలు దీనికి చూపించే ప్రసిద్ధమైన ఉదాహరణల్లో ఒకటి అవగాహం 'వగాహం' కావడం, మరొకటి అపిధానం 'పిధానం' కావడం.

ఒళ్లు నీళ్లలో దిగడం నుంచి మనసు విషయంలో దిగడానికి అర్థం మారింది. ఇది లక్ష్యార్థం. ఆ మార్పు ఎంత పూర్తయిందో మన విభక్తి ప్రత్యయాలే చెబుతాయి. 'చట్టాలపై అవగాహన', 'ఆరోగ్యం మీద అవగాహన' అని రాస్తున్నాం. మునిగేవాడు నీళ్లలో మునుగుతాడు, నీళ్లపై మునగడు. మాటలోని నీళ్లు ఇంకిపోయాక 'లో' పోయి 'పై' వచ్చి కూర్చుంది. 'అవగాహన కల్పించడం' కూడా అలాంటిదే. ఒకడి బదులు ఇంకొకడు బావిలో దూకలేడు కదా. ఈ ప్రయోగాలు తప్పని నేను అనను, వాడుకే వాటిని నిలబెట్టింది. కానీ ఆ తేడా గమనించిన విద్యార్థికి మాట జీవితాంతం గుర్తుంటుంది.

ఇంగ్లిషు 'అండర్‌స్టాండ్' చూడండి. అందులో నిలబడడం ఉంది. మన మాటలో దిగడం ఉంది.

గాఢం, గాధం, గాథ

పరీక్షలో ఎక్కువమంది జారేది ఇక్కడే. మూడూ వేరు వేరు ధాతువుల పిల్లలు.

గాహ్ ధాతువుకు భూతకాల విశేషణ ప్రత్యయం చేరితే 'గాఢ' అవుతుంది. మునిగిన, చొచ్చుకుపోయిన, దట్టమైన అని అర్థం. గాఢనిద్ర అంటే మునిగిపోయిన నిద్ర. ప్రగాఢ సానుభూతిలోని గాఢం కూడా ఇదే. అంటే అవగాహన, గాఢం తోబుట్టువులు. ఇదే తీరులో హకారాంత ధాతువులు మరికొన్ని 'ఢ' రూపం పొందుతాయి. గుహ్ నుంచి గూఢం (దాగినది), ముహ్ నుంచి మూఢం (మోహంలో పడినది), రుహ్ నుంచి రూఢం (మొలిచి పెరిగినది, స్థిరపడినది) వచ్చాయి. గూఢచారి, మూఢనమ్మకం, రూఢి అనే మాటలు రోజూ వాడేవే. ఈ నాలుగింటినీ ఒక్క వరసలో రాసుకుంటే వేరుగా బట్టీ పట్టే పని ఉండదు.

'గాధం' వేరు. అది గాధ్ ధాతువు నుంచి వచ్చింది. కాలు ఆనే చోటు, నడిచి దాటగలిగేంత లోతున్న నీళ్లు అని అర్థం. కాలు ఆననిది 'అగాధం'. అగాధంలోని 'అ'కు 'లేదు' అని అర్థం. చాలామంది అగాధాన్ని గాఢానికి చుట్టం చేసి 'అగాఢం' అని రాస్తారు. అలా రాస్తే గాఢం కానిది, పలచనిది అని అర్థం తిరగబడుతుంది.

'గాథ' మూడోది. పాడు అనే అర్థమున్న 'గై' ధాతువు నుంచి పుట్టింది. శాతవాహన రాజు హాలుడి పేరుతో నిలిచిన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో ఉన్నది ఈ గాథే. గ్రూప్స్ చరిత్ర ప్రశ్నలోనూ, డీఎస్సీ తెలుగు ప్రశ్నలోనూ ఇది రావచ్చు. ఒత్తు అక్షరం జాగ్రత్త.

'న'యా, 'ణ'యా?

జవాబు పత్రాల్లో 'అవగాహణ' అని చాలాసార్లు చూస్తాను. గ్రహణం, అవరోహణ రాసిన చేయి అలవాటుగా ఇక్కడా ణకారం వేస్తుంది. సూత్రం తెలిస్తే చేయి ఆగుతుంది.

ఒకే పదంలో ఋ, ర, ష తర్వాత వచ్చే 'న' 'ణ' అవుతుంది, దీన్నే ణత్వం అంటారు. మధ్యలో అచ్చులు, కవర్గ, పవర్గ అక్షరాలు, య, వ, హ, అనుస్వారం ఉన్నా అడ్డు కాదు. అందుకే కారణం, శ్రవణం, భూషణం, గ్రహణం, అవరోహణ. మధ్యలో చవర్గం, టవర్గం, తవర్గం, శ, స, ల వంటివి వస్తే మార్పు ఆగిపోతుంది. అందుకే దర్శనం, వర్తనం, ప్రార్థన. అవగాహనలో ఋ, ర, ష ఏవీ లేవు కనుక ణకారానికి కారణమే లేదు. దహనం, వాహనం కూడా ఇంతే.

ఇంకో చిక్కు 'అవగతం'. అర్థం దగ్గరదే అయినా ధాతువు వేరు, అది గమ్. 'అవగ్రహం' గ్రహ్ ధాతువుది.

సమజ్, ఎర్క, మతి

మా మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఏ టీకొట్టు దగ్గర నిలబడినా 'సమజైందా?' అనే మాట వినబడుతుంది. క్లాసులోనూ అదే. "సార్, ణత్వం సమజైతలేదు, ఇంకోపారి చెప్పుండ్రి" అని అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది హిందీ మాట, తెలుగు పేపరులో పనికిరాదు అని సిగ్గుపడతారు. సిగ్గుపడే పనేమీ లేదు. హిందీ 'సమఝ్'కు మూలం సంస్కృత 'సంబుధ్య' రూపం. సమ్ ఉపసర్గ, బుధ్ ధాతువు కలిసి ప్రాకృతం మీదుగా నలిగి సమఝ్ అయింది. అదే బుధ్ నుంచి బుద్ధి, బోధ, బుద్ధుడు వచ్చాయి. మేలుకోవడం దాని మూలార్థం. కాబట్టి ఒకరు 'బోధపడింది' అన్నా, పక్కవాడు 'సమజైంది' అన్నా ఇద్దరూ ఒకే ధాతువును పలికినట్టే.

'ఎర్క' అచ్చమైన ద్రావిడ పదం. ఎఱుగు, ఎఱుక, తమిళంలో 'అఱి' అన్నీ ఒక కుదురువి. 'మతికొచ్చింది' అన్నప్పటి మతి సంస్కృత 'మన్' ధాతువుది. తెలంగాణ పల్లె నాలుక మీద ఒక ద్రావిడ మాట, ఒక సంస్కృత మాట, ఒక ఉర్దూ తోవన వచ్చిన మాట పక్కపక్కనే బతుకుతున్నాయి. తత్సమ, దేశ్య, అన్యదేశ్య పదాల పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణలు నాకు దొరకలేదు. పరీక్షలో గ్రాంథిక రూపం రాయాలి, నిజమే. అందుకని ఇంటి మాటను చిన్నచూపు చూడొద్దని నా పిల్లలకు గట్టిగా చెబుతాను.

తోటి మాటలు: ఒక్కోదానిది ఒక్కో చూపు

'ఆలోచన'లో కన్ను ఉంది. లోచ్ ధాతువుకు చూడడం అని అర్థం, లోచనం అంటే కన్ను. ఆలోచించడం అంటే నలువైపులా చూడడం. 'నెమరువేయడం' పశువుల కొట్టం నుంచి వచ్చింది. మేసిన గడ్డిని తీరికగా మళ్లీ నోటికి తెచ్చుకుని నమలడం. లాటిన్ నుంచి ఇంగ్లిషుకు వచ్చిన 'రూమినేట్' కూడా సరిగ్గా నెమరే. ఎవరి పశువులను చూసి వాళ్లు అదే పోలిక తెచ్చుకున్నారు. 'చింత' సంస్కృతంలో ఆలోచన, దిగులు రెండూ అవుతుంది. తెలుగులో ఎక్కువగా దిగులే మిగిలింది. తాత్విక చింతన అన్నప్పుడు మాత్రం పాత అర్థం బతికి ఉంది. చింతచెట్టు చింతకు దీనితో సంబంధం లేదు, అది మన సొంత పదం. నానార్థాల ప్రశ్నలో ఈ రెండూ కలిసి వస్తాయి.

'ధ్యానం' చేసిన ప్రయాణం దూరమైనది. పాలీలో 'ఝాన' అయింది, బౌద్ధంతో చైనాకు వెళ్లి 'చాన్' అయింది, జపాన్‌లో 'జెన్' అయింది. భారతీయ సంస్కృతి పేపరుకు ఈ వరస పనికొస్తుంది.

వీటన్నిటిలో నేను ఎక్కువసేపు ఆగేది 'మీమాంస' దగ్గర. మన్ ధాతువు నుంచి మనసు, మతి, మననం, మంత్రం వచ్చాయి. ఆ ధాతువుకు కోరికను చెప్పే 'సన్' ప్రత్యయం చేరి, మొదటి అక్షరం రెట్టించి, మీమాంస అయింది. విడవకుండా ఆలోచించాలనే తపన అని అర్థం. పాణిని సంప్రదాయం దీన్ని 'మాన్' ధాతువు కింద చూపుతుంది, ఆధునిక భాషాశాస్త్రం మన్ కుటుంబంలో చేరుస్తుంది. ఇలా రెట్టించిన మాటలు ఒక గుంపు ఉంది: జిజ్ఞాస తెలుసుకోవాలనే కోరిక, పిపాస తాగాలనే కోరిక, బుభుక్ష తినాలనే కోరిక, శుశ్రూష వినాలనే కోరిక. శుశ్రూష తర్వాత సేవగా మారింది. గురువు మాట వినాలని కోరి దగ్గరున్నవాడు సేవ కూడా చేశాడు కాబట్టి ఆ మార్పు సహజం.

షడ్దర్శనాల్లో జైమినిది పూర్వమీమాంస, బాదరాయణుడిది ఉత్తరమీమాంస. రాజశేఖరుడి అలంకార గ్రంథం కావ్యమీమాంస. మీమాంసకులు ఒక అంశాన్ని విచారించే పద్ధతిని 'అధికరణం' అన్నారు. ముందు విషయం, తర్వాత సంశయం, ఆ తర్వాత పూర్వపక్షం, దానికి సమాధానంగా సిద్ధాంతం, చివర ఈ విచారణకు మిగతా శాస్త్రంతో ఉన్న సంగతి. ఇప్పుడు మన పత్రికల్లో 'మీమాంసలో పడ్డ నేత' అంటే ఎటూ తేల్చుకోలేనివాడు. అయిదు మెట్లలో రెండోదైన సంశయం దగ్గరే ఆ మాట ఆగిపోయింది. అర్థవిపరిణామం పాఠంలో అందరూ చెప్పే చీర (ఒకప్పుడు ఏ బట్టయినా చీరే, అర్థసంకోచం), చెంబు (ఒకప్పుడు రాగిది మాత్రమే, అర్థవ్యాకోచం) ఉదాహరణల పక్కన దీన్ని కూడా రాసుకోండి.

శ్రవణం, మననం, నిదిధ్యాసనం అనే మూడు మెట్లకు మూలం బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన ఉపదేశం. వినడం, విన్నదాన్ని యుక్తితో పరీక్షించడం, అందులో నిలవడం. క్లాసులో జరిగేది మొదటిది మాత్రమే. రెండోది హాస్టల్ గదిలో, మూడోది ఎక్కడైనా.

బ్లూమ్ మెట్లలో అవగాహన

టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు ఈ మాట ఇంకో రూపంలో ఎదురవుతుంది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ప్రచురించిన బోధనా లక్ష్యాల వర్గీకరణలో జ్ఞానాత్మక రంగానికి ఆరు స్థాయిలున్నాయి: జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరించినప్పుడు ఇవి గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృజించడం అయ్యాయి. పైనున్న రెండింటి క్రమం మారడం ప్రశ్నగా వస్తుంది.

ఇక్కడ అవగాహన రెండో మెట్టు. జ్ఞానానికి స్పష్టీకరణలు గుర్తుకు తెచ్చుకోవడం, గుర్తించడం. అవగాహనకు వివరించడం, పోల్చడం, భేదాలు చెప్పడం, ఉదాహరణలివ్వడం, వర్గీకరించడం, దోషాలు కనిపెట్టి సరిచేయడం. 'సొంత మాటల్లో రాయండి' అంటే అవగాహన స్థాయి. 'రచయిత ఎవరు?' అంటే జ్ఞాన స్థాయి.

అడుగు దాకా మునగడమనే అర్థమున్న మాటను ఆరింటిలో రెండో మెట్టుకు పేరుగా పెట్టడం నాకు ఎప్పుడూ కాస్త వెలితిగానే ఉంటుంది. విశ్లేషణ, మూల్యాంకనం లేకుండా మునక ఎక్కడిది? కానీ పారిభాషిక పదంగా అది స్థిరపడింది. పరీక్షలో దాని స్థానం రెండోదే.

అపరిచిత గద్యం: ఒక నమూనా

ఇది మన మలక్‌పేట–దిల్‌సుఖ్‌నగర్ దారి మీదిదే. చదవండి.

"మూసారాంబాగ్ పేరు వినగానే మూసీ ఒడ్డున రాముడి తోట అనుకుంటారు. ఇక్కడికి దగ్గర్లోని ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. రెండో నిజాం నిజాం అలీఖాన్ కొలువులో సైన్యం నడిపిన ఆయన 1798లో మరణించాడు. జనం నోట 'మొస్యు రేమండ్' కొందరికి మూసా రామ్, కొందరికి మూసా రహీం అయ్యాడని, తోట పేరు అలా వచ్చిందని స్థానిక చరిత్ర చెబుతుంది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలైనప్పుడు ఆ పేరు స్టేషన్ బోర్డుకెక్కింది."

ఒకటో ప్రశ్న: రేమండ్ ఏ సంవత్సరంలో మరణించాడు? ఇది కన్ను పని. పేరాలో అంకె వెతికితే చాలు.

రెండో ప్రశ్న: తెలియని మాటను తెలిసిన మాటగా మలుచుకుని దానికి అర్థం కల్పించడాన్ని ఏమంటారు? జవాబు లోకనిరుక్తి. పేరాలో ఆ మాట లేదు, మొదటి వాక్యంలో దాని పని ఉంది. మూసీని, రాముణ్ని కలిపి తోట కట్టినవాడు చేసింది లోకనిరుక్తే.

మూడో ప్రశ్న: పేరాకు తగిన శీర్షిక ఏది? (అ) రేమండ్ సమాధి (ఆ) మూసీ ఒడ్డు తోటలు (ఇ) ఒక పేరు మారిన తీరు (ఈ) హైదరాబాద్ మెట్రో.

క్లాసులో ఎక్కువ చేతులు 'అ'కు లేస్తాయి. రేమండ్ అనే మాట పేరాలో రెండుసార్లు కనబడింది, సమాధి అనీ ఉంది, గుర్తుపట్టడం తేలిక. ప్రశ్న తయారుచేసేవాళ్లు తప్పు జవాబులను పేరాలోని మాటలతోనే అల్లుతారు. సమాధి ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. మొదటి వాక్యంలో పేరు, నాలుగో వాక్యంలో పేరు, అయిదో వాక్యంలో పేరు. జవాబు 'ఇ'.

ముందు ప్రశ్నలు చదివి, పెన్సిల్‌తో పేరాలో మాటలు వెతికే పద్ధతి ఒకటో ప్రశ్నకు సరిపోతుంది. మూడోదానికి పేరాను పెన్సిల్ పక్కనబెట్టి ఒకసారి తలతోకా చదవాలి. నిమిషంన్నర పడుతుంది. దేవరకొండ అబ్బాయి నమూనా పేపరు నా దగ్గర ఇంకా ఉంది. పేరా కింద ఒక్క గీత లేదు. పక్కన ఖాళీలో తన సొంత మాటల్లో ఒక్క ముక్క రాసుకున్నాడు: "పేరు ఎట్ల మారింది." దాని కిందే 'ఇ'కి సున్నా చుట్టాడు.